రేకుల గదిలోకి పోము

జమాదారు లీలావతి చేత ఆ గుడ్డ తీయించినప్పుడు వరహాలమ్మ సరిగ్గా ఆమె వెనకాలే నిలబడి ఉంది.

రాయపూర్ శివార్లలో, బీర్‌గావ్ పక్కన ఉర్లాలో అదొక ఇనుప మిల్లు. మధ్యాహ్నం రెండు గంటలకు మొదటి పాళీ వదులుతారు. మగవాళ్ళు పెద్ద గేటు పక్క సందులోంచి పోతారు. వాచ్‌మన్ వాళ్ళ జేబుల మీద ఒక తట్టు తట్టి వదిలేస్తాడు. ఆడవాళ్ళు మాత్రం రేకుల గదిలోకి వెళ్ళి, అటువైపు తలుపులోంచి బయటపడాలి. తుక్కు యార్డులో పని చేసేది వాళ్ళే కదా. ఇనుములోంచి రాగి ముక్క, ఇత్తడి ముక్క ఏరి వేరే కుప్ప పోసేది వాళ్ళే కదా. కాబట్టి దొంగలూ వాళ్ళే. కొంగు దులపాలి, కుచ్చిళ్ళు విప్పాలి, కాపలా జమాదారు చెయ్యి ఎక్కడికి పోతే అక్కడ కదలకుండా నిలబడాలి. ఆ గది తలుపులు రెండూ తెరిచే ఉంటాయి.

లీలావతి ఇరవై దాటని పిల్ల. వాళ్ళది ఏలూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. తల్లి శాంతమ్మ శంకర్ నగర్‌లో ఒక డాక్టరు దగ్గర ఆయా. పిల్ల మిల్లులో చేరి ఎన్నాళ్ళో కాలేదు.

"అందర్ క్యా హై? నికాల్," అన్నాడు జమాదారు, లోపలున్నది తియ్యమని.

"కుఛ్ నహీ భాయ్‌సాబ్. మహీనా..." నెలసరి అని చెప్పబోయింది లీలావతి.

"సబ్ యహీ బోల్తీ హై. నికాల్!" అందరూ ఇదే చెప్తారట.

తీసింది. నేల మీద పెట్టమన్నాడు. పెట్టింది. లాఠీ కొసతో దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గుమ్మంలో నిలబడ్డ కాంట్రాక్టరు మనిషి నవ్వాడు. రాగి ఏమీ లేదు. ఉన్నది నెత్తురే.

"జా," అన్నాడు జమాదారు.

తర్వాత వరహాలమ్మ వంతు. ఆమె ముందుకు జరిగి చేతులు పైకెత్తింది.

ఆ సాయంత్రం ఆమె బీర్‌గావ్ కొళాయి దగ్గర నీళ్ళు పట్టింది, బియ్యం కడిగింది, వంకాయలు కోసింది. తనకు కోపం వస్తుందేమోనని మధ్యలో ఒకసారి చెయ్యి ఆపి చూసుకుంది. రాలేదు. ఏడుపూ రాలేదు. ఆ గదిలోకి వెళ్ళేటప్పుడు ఒళ్ళు అక్కడ వదిలి ఎటో పోవడం ఆమె ఎప్పుడో నేర్చుకుంది. తిరిగి ఒంట్లోకి రావడం మరిచిపోయింది.

వరహాలమ్మది శ్రీకాకుళం వైపు కుటుంబం. తండ్రి రామయ్య రైలు పట్టాల గ్యాంగులో పనికి రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మొగుడు అచ్చయ్య అదే మిల్లులో కొలిమి దగ్గర పని. యూనియన్‌కు కార్యదర్శి కూడా. మేనేజరు ముందు కుర్చీ లాక్కుని కూర్చునే మనిషి. అన్నం వడ్డిస్తూ అతనికి జరిగింది చెప్పింది.

అచ్చయ్య ముద్ద ఆపాడు. "ఛీ, ఈ మాటలు నాకాడేటి? ఆడోళ్ళ సంగతులు."

"నువ్వు యూనియన్ గదా. అందుకు సెప్పినాను."

"శాంతమ్మ కూతురేనా? నోరు మూసుకోమను. ఇది బైటికొస్తే రేపు ఆ గుంటని ఎవుడు సేసుకుంటాడు?"

అంతే. మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

గిన్నెలు కడిగి వరహాలమ్మ శాంతమ్మ ఇంటికి వెళ్ళింది. లీలావతి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. శాంతమ్మ గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది. "పేరు మాత్రం ఎక్కడా ఎత్తకండి వదినా. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను. రేపట్నించి దాన్ని పంపను."

లీలావతి తల తిప్పకుండానే అడిగింది. "అత్తా, నా వెనకాల నువ్వే కదా ఉన్నావు?"

"నానే."

పిల్ల కొంగు తల మీదికి లాక్కుంది. వరహాలమ్మ గడప దాటి వచ్చేసింది.

మర్నాడు ఆదివారం. యూనియన్ పాకలో సభ. కాలిన రేకులాంటి ఎండ. అచ్చయ్య వేదిక మీద, అతని పక్కన సూర్యారావు. రైల్వేలో గుమాస్తాగా రిటైరై, కార్మికుల కోసం చెప్పులరిగేలా తిరిగే మనిషి. హిందీలో కొంత, తెలుగులో కొంత మాట్లాడతాడు. మగవాళ్ళు చాపల మీద ముందు. ఆడవాళ్ళు వెనక గోడ దగ్గర, పొయ్యి పక్కన. వాళ్ళకు టీ కాచే పని. ప్రతి సభకూ అంతే. అలా ఎందుకని ఎవరూ అడగలేదు. అడగాలన్న సంగతే ఎవరికీ తోచలేదు.

డిమాండ్లు చదువుతున్నారు. కొలిమి దగ్గర బూట్లు. అంబులెన్సు. యార్డులో నీడకు పందిరి. చప్పట్లు.

వరహాలమ్మ టీ కెటిల్ కింద పెట్టింది. "సూర్రావు బాబూ, ఒకటి కలపండి."

"చెప్పమ్మా."

"రేకుల గది తీసెయ్యాల. మగోడు మమ్మల్ని సోదా సెయ్యకూడదు."

ముందు వరసలో ఎవరో దగ్గారు. ఎవరో నవ్వు ఆపుకున్నారు. అచ్చయ్య ముఖం నల్లబడింది.

సూర్యారావు మెల్లగా అన్నాడు. "అది తప్పే తల్లీ, కాదనను. కాని ఇప్పుడు మనది కార్మిక సమస్య. అది ఆడవాళ్ళ సమస్య. రెండూ కలిపామనుకో, యజమాని మనల్ని అల్లరిపాలు చేస్తాడు. ముందు ఇది గెలుద్దాం."

"నాను కార్మికురాల్ని కానేటి బాబూ?"

"అలా అన్లేదమ్మా..."

"ఆ గది మేం కట్టుకున్నామేటి? మా అత్తోరు కట్టినారా? యజమాని కట్టినాడు. యజమాని కూలోడి మీద సేసింది కార్మిక సమస్య కాకపోతే మరేటి?"

చాపల మీంచి ఒకడు లేచాడు. "ఎవరికి జరిగింది? పేరు చెప్పు. ఊరికే గాలి మాటలు సభలోకి తేకు."

"పేరు సెప్పను."

"అంటే జరగలేదన్నమాట!"

నవ్వులు. వరహాలమ్మ ఆ నవ్వులు ఆగేదాకా ఉంది. ఆమె గొంతు పెరగలేదు. బజారుకు పోయొచ్చిన సంగతి చెప్పినట్టే చెప్పింది.

"నాకు జరిగినాది. దసరా ముందు. అదే గది, అదే జమాదారు. పైట తీయమన్నాడు, తీసినాను. అటేపు తలుపుకాడ లారీ డ్రైవర్లు నిలబడి సూసినారు. తరవాత ఇంటికెల్లి అన్నం వొండినాను. ఇంటాయన తిన్నాడు. తొంగున్నాడు."

పొయ్యి మీద టీ మరుగుతోంది. వేదిక మీద అచ్చయ్య తన చేతుల్ని చూసుకుంటున్నాడు.

"మోర్ సంగ్ ఘలో," అంది పక్కనుంచి ఫూల్‌బాయి. నాకూ అలాగే జరిగిందని. ఈ ఊరి ఛత్తీస్‌గఢీ మనిషి. యార్డులో అందరికన్నా పెద్ద తట్ట ఎత్తుతుంది. తర్వాత పార్వతమ్మ చెప్పింది. ఇంకొకామె మొదలుపెట్టి ఆపేసింది. ఆమె మరిది ముందు వరసలోనే ఉన్నాడు. ఆమె అతన్ని చూసి, కళ్ళు మూసుకుని, మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది.

ఎవరూ ఏడవలేదు. అందరూ ఇంతకాలం ఒకే గదిలోంచి బయటికొచ్చి, ఎవరింటికి వాళ్ళు పోయి, ఎవరి పొయ్యి వాళ్ళు ముట్టించారు. యజమాని బలం లాఠీలో ఎంతుందో ఆ మౌనంలోనూ అంతే ఉంది. ఆ సంగతి ఆ పాకలో ఆ రోజు బయటపడింది.

సూర్యారావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కమిటీలో పెడదాం," అన్నాడు చివరికి.

"కమేటీ మే ఔరత్ కౌన్ హై?" అడిగింది ఫూల్‌బాయి.

కమిటీలో ఆడమనిషి ఒక్కరూ లేరు. ఆడవాళ్ళు లేచి బయటికి నడిచారు. టీ పొంగి పొయ్యిలో పడింది. బోరింగు దగ్గర నీడలో కూర్చుని, వాళ్ళ కమిటీ వాళ్ళే వేసుకున్నారు.

ఇంటికి వచ్చాక అచ్చయ్య అరిచాడు. "అంతమందిలో నా తల తీసేసినావు! నాకు ముందే ఎందుకు సెప్పనేదు?"

"సెప్తే ఏటి సేసీవోడివి?"

అతను చొక్కా విప్పి మేకుకు విసిరాడు.

"జమాదారుని కొట్టీవోడివా? నన్ను కొట్టీవోడివి," అంది వరహాలమ్మ.

చెయ్యి లేస్తుందేమోనని ఆమె చూసింది. లేవలేదు. అతను మంచం ఎత్తుకుని బయటికి పోయాడు. ఆమె పిల్లలకు పెట్టి, తను తిని పడుకుంది. తెగించినవాళ్ళకు గుండె దడదడలాడుతుందని విన్నది. తనకు అదీ లేదు. రేపు ఆ గదిలోకి పోకూడదు. అంతవరకే తెలుసు.

సోమవారం రెండు గంటలకు సైరన్ కూసింది. యార్డు ఆడవాళ్ళు చేతులు కడుక్కుని, గుంపుగా గేటు దాకా నడిచి, రేకుల గది గుమ్మం ముందు ఆగారు. అక్కడే నేల మీద కూర్చున్నారు.

"ఉఠో! చెకింగ్!" లేవమని జమాదారు అరిచాడు.

"నఇ జావన్," అంది ఫూల్‌బాయి. పోము.

"సోదా లేకుండా ఒక్కతీ బయటికి పోదు," అన్నాడు జమాదారు.

"పోం. ఇక్కడే ఉంటాం," అంది వరహాలమ్మ.

లేచి నాలుగడుగులు వేసి, పెద్ద గేటుకు అడ్డంగా కూర్చున్నారు. లోపల ఇనుప కడ్డీల లారీలు ఆగాయి. బయట తుక్కు లారీలు ఆగి హారన్లు కొట్టాయి. ఎండ కాలుస్తోంది. నేల కాలుస్తోంది. మగవాళ్ళ పాళీ కూడా అప్పుడే వదిలారు. సందు తెరిచే ఉంది. కొందరు తల వంచుకుని, జేబులు తట్టించుకుని పోయారు. నిన్న నవ్వినవాడూ పోయాడు. కొందరు పోలేక, కూర్చోలేక నిలబడ్డారు.

మేనేజరు గొడుగు పట్టించుకుని వచ్చాడు. ఆడవాళ్ళ వైపు చూడనే లేదు. అచ్చయ్యను పిలిచి అందరికీ వినబడేలా అన్నాడు. బూట్లు ఇస్తాం, అంబులెన్సు పెడతాం, పందిరి వేస్తాం. "బస్, అప్నీ ఔరతోంకో ఉఠా లో." మీ ఆడవాళ్ళను లేపితే చాలని.

అచ్చయ్య మూడేళ్ళుగా కొట్లాడుతున్న డిమాండ్లు అవన్నీ. కొలిమి మనుషులంతా అతని ముఖమే చూస్తున్నారు. అతను పెళ్ళాం వైపు చూశాడు. వరహాలమ్మ అతన్ని చూసింది గాని, ఏమీ ఆశించలేదు. ఒప్పుకున్నా ఆమె లేచేది కాదు.

అచ్చయ్య గొంతు సవరించుకున్నాడు. "ఓ మేరీ ఔరతే నహీ సాబ్. మజ్దూర్ హై. ఉన్‌సే బాత్ కరో."

వాళ్ళు నా ఆడవాళ్ళు కారు, కార్మికులు, వాళ్ళతోనే మాట్లాడమని చెప్పి, వెళ్ళి గోడ పక్కన దూరంగా కూర్చున్నాడు. ఆమె వైపు చూడలేదు. నేలనే చూస్తున్నాడు. కొలిమి మనుషులు ఒక్కొక్కరే అతని పక్కన చేరారు.

మేనేజరు మాత్రం వాళ్ళతో మాట్లాడలేదు. కూలి ఆడదానితో మాట్లాడడం కన్నా పోలీసుల్ని పిలవడం అతనికి తేలిక. వ్యాను వచ్చింది. దాంట్లో అందరూ మగ పోలీసులే. ఒకడు పార్వతమ్మ జబ్బ పట్టుకోబోయాడు.

"ఒంటి మీద సెయ్యి ఎయ్యొద్దు," అంది వరహాలమ్మ. "ఆ సెయ్యి గురించే మేం కూకున్నాం. మేమే ఎక్కుతాం."

తమంతట తామే లేచి, వరసగా నడిచి వ్యాను ఎక్కారు. గేటు బయట రెండో పాళీ ఆడవాళ్ళు పని బట్టలతో నిలబడి ఉన్నారు. వాళ్ళు లోపలికి రాలేదు. వ్యాను కదిలేదాకా చూసి, దాని వెనకే రోడ్డెక్కారు.

ఠాణాలో ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. "నామ్?"

"వరహాలమ్మ."

"పతి కా నామ్?"

"మొగుడి పేరు సోదా చేసినప్పుడు అడగలేదు కదా," అంది ఆమె హిందీలో. "ఇప్పుడెందుకు?"

ఇన్‌స్పెక్టరు తలెత్తాడు. తర్వాత ఫూల్‌బాయిని అడిగాడు. ఆమె కూడా తన పేరొక్కటే చెప్పి ఆగింది. పార్వతమ్మా అంతే. అతను బల్ల మీద చరిచాడు, బూతులు తిట్టాడు. అవి వరహాలమ్మకు చాలా దూరం నుంచి వచ్చినట్టు వినబడ్డాయి.

అంతలో బయట గోల. "నఇ జావన్, నఇ జావన్" అన్న కేకలు. కానిస్టేబులు గుమ్మంలోకి వచ్చాడు. "సాబ్, ఇంకా వస్తున్నారు. అందరూ ఆడవాళ్ళే. పక్క మిల్లు వాళ్ళు కూడా."

అతన్ని తప్పించుకుని లీలావతి లోపలికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. నడిచొచ్చిన ఆయాసం. ఆమె వెనక శాంతమ్మ, కూతురి కొంగు పట్టుకుని, ఆపడానికో తోడు రావడానికో తనకే తెలియనట్టు.

"నువ్వెవరు?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"రిపోర్టు రాయించడానికి వచ్చాను. శనివారం ఆ గదిలో జరిగింది నాకు." బల్ల దాకా వచ్చింది. "పేరు లీలావతి. తల్లి పేరు శాంతమ్మ. రాసుకోండి."

ఆ పిల్ల వచ్చి నేల మీద వరహాలమ్మ పక్కనే కూర్చుంది. వరహాలమ్మ ఒంట్లో ఎక్కడో ఏదో కదిలింది. అది దుఃఖమో కోపమో పోల్చుకోలేకపోయింది. తర్వాత తెలిసింది, దాహమని. గొంతు పిడచగట్టుకుపోయి ఉంది. ఎప్పట్నుంచి అలా ఉందో ఆమె గమనించనే లేదు.

"నీళ్ళు తెప్పించండి," అంది ఇన్‌స్పెక్టరుతో. బతిమాలినట్టు కాదు. "మాకందరికీ. బైట ఉన్నోళ్ళకి కూడా."