లైనక్క నీడ

పొద్దున ఎనిమిదిన్నరకి చక్రాల మాస్టారు దుకాణం షట్టరు పైకి లేపేవారు. లోపల రెండు వైపులా చక్రాల కుర్చీలే. కొన్నిటికి బ్రేకు పట్టదు, కొన్నిటికి టైరు అరిగిపోయింది, కొన్ని ఇంకా ఒట్టి ఇనుప చట్రాలు. నడవలేని మనిషి కొలతలు తీసుకుని, ఆ ఒంటికి సరిగ్గా సరిపోయేలా కుర్చీ తయారుచేసి ఇవ్వడం మాస్టారి పని. ఆయన భార్య వెనక గదిలో ఆ కుర్చీలకి మెత్తలు కుట్టేది. వెల్డరు మూలన కూర్చుని చట్రాలు అతికేవాడు. ఉన్నది ఆ ముగ్గురే. వాళ్ళ ప్రాణానికి ఒక ఫోను.

దానికి వేళాపాళా లేదు. అది మోగేసరికి మాస్టారి చేతులకి మోచేతుల దాకా గ్రీజు. ఆయన భార్య పెదాల మధ్య గుండుసూదులు. వెల్డరు మొహానికి ముసుగు. నువ్వెత్తంటే నువ్వెత్తని ఒకళ్ళనొకళ్ళు చూసుకునేలోపు అది కాస్తా ఆగిపోయేది.

ఒకరోజు పాత ఖాతాదారు లెక్కల టీచరమ్మ నుంచి కుర్చీ వెనక్కొచ్చింది. తీసుకొచ్చిన ఆటో అతను ఒక చీటీ కూడా ఇచ్చాడు. "మెత్త కుట్టు ఒకచోట గట్టిగా ఉంది మాస్టారూ. నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. తొడ దగ్గర పుండు పడింది. పదకొండు రోజులుగా మంచం మీదే ఉన్నాను" అని రాసుంది అందులో. ఆవిడ తిట్టినా బాగుండేది. కింద 'నమస్కారాలతో' అని కూడా రాసింది.

మాస్టారి భార్య ఆ మెత్త ఒళ్ళో పెట్టుకుని కుట్టు మొత్తం విప్పేసింది. ఆ పూట భోజనం ముట్టలేదు. మాస్టారు కూడా సగంలోనే లేచిపోయారు.

ఆ వారంలోనే ఒక పెద్ద కంపెనీలో పనిచేసే మేనకోడలు వచ్చింది. సంగతంతా విని, "మామయ్యా, నీకు కావలసింది ఇంకో వెల్డరు కాదు. ఫోనెత్తే మనిషి" అంది.

"ఇక్కడ ఎవరూ నిలవడం లేదే. నెల తిరక్కుండానే పోతున్నారు."

"అయితే వేరే దేశంలో ఉన్న తెలుగు మనిషిని పెట్టుకో. మా కంపెనీలో సగం పని అలాగే నడుస్తోంది. ఇంట్లో కూర్చునే చేస్తారు."

"సముద్రానికి అవతల కూర్చున్న మనిషి మన దుకాణంలో ఏం ఊడబొడుస్తుందే?" అంది మాస్టారి భార్య.

"ఇవతల కూర్చుని మీరు ముగ్గురూ ఏం ఊడబొడుస్తున్నారు అత్తయ్యా, మోగే ఫోను ముందు?"

"సరే, మాట్లాడించు" అన్నారు మాస్టారు.

మేనకోడలు ఫోన్లో ముగ్గురితో మాట్లాడించింది. మొదటి ఇద్దరూ తమ అనుభవం గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పారు. మూడో ఆవిడకి ముప్ఫై ఎనిమిదేళ్ళుంటాయి. తల్లితో ఉంటుంది. ఈమె మాత్రం ముందుగా తనే అడిగింది.

"మీకు ఫోన్ చేసేవాళ్ళు ఎక్కువగా నడవలేని వాళ్ళేనా అండీ?"

"అవునమ్మా."

"అయితే మనం తిరిగి చేసినప్పుడు వాళ్ళు ఫోను దాకా రావడానికి టైము పడుతుంది కదా. నేను చాలాసేపు మోగనిస్తాను. మూడుసార్లు మోగించి పెట్టెయ్యను."

మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ సూది పక్కన పెట్టి, "ఈ అమ్మాయే" అంది.

సోమవారం తొమ్మిదింటికి పని మొదలైంది. తొమ్మిదీ ఒక నిమిషానికి కిటికీ ఎదురు గోడ మీదికి ఆమె నీడ వచ్చి కూర్చుంది. గోడ ముందు మనిషి లేదు, కుర్చీ లేదు. నీడ మాత్రం చెవికి ఏదో తగిలించుకుని, ముందుకు వంగి టైపు చేస్తోంది.

మాస్టారి భార్య వెనక గదిలోంచి తొంగి చూసి, "వచ్చావా అమ్మాయ్" అంది. తర్వాత వెల్డరుని కేకేసింది. "ఆ రాడ్లు అక్కణ్ణుంచి తీసెయ్యి. మనిషి కూర్చునే చోటది."

వెల్డరు సణుక్కుంటూనే తీశాడు. ఆ తర్వాత ఎవరూ ఆ గోడకి ఏదీ ఆనించలేదు.

అవతల, ఆమె ఇంట్లో, పని చేసినంతసేపూ ఆమె కింద నీడ ఉండేది కాదు. వాళ్ళమ్మ చీపురు పట్టుకుని వచ్చి నేల చూసి, "ఇంకా ఆఫీసు నుంచి రాలేదా? అయితే తర్వాత ఊడుస్తాలే" అని వెళ్ళిపోయేది.

ఎవరు ఫోన్ చేసినా ఆమె మొదటి మాట, "ఒక్క నిమిషం లైన్లో ఉండండి, మీ కాగితం తీస్తాను" అని. అందుకే వెల్డరు ఆమెకి లైనక్క అని పేరు పెట్టాడు. అదే ఖాయమైంది. కుర్చీ ఇచ్చిన వారానికి ప్రతి ఒక్కరికీ తనే ఫోన్ చేసేది. "కూర్చుంటే ఎక్కడైనా ఒత్తుతోందా అండీ? మొహమాటపడకండి, మా మాస్టారికి చెప్తాను" అనేది. లెక్కల టీచరమ్మకైతే రోజు విడిచి రోజు చేసి, పుండు మానేదాకా వదల్లేదు.

ఏడాది తిరిగేసరికి రెండు ఆసుపత్రులు మాస్టారి దుకాణం పేరే చెప్పడం మొదలుపెట్టాయి. పక్క గది కూడా అద్దెకి తీసుకున్నారు. కొత్తగా ఇద్దరు పనివాళ్ళొచ్చారు. లైనక్క వస్తే తన ఉద్యోగానికి ఎసరని మొదట్లో భయపడ్డ వెల్డరు ఇప్పుడు ఆ ఇద్దరి మీద అజమాయిషీ చేస్తూ, "లైనక్క లేకపోతే మనమంతా రోడ్డున పడేవాళ్ళం" అని ఊదరగొట్టేవాడు. మాస్టారి భార్యకి మధ్యాహ్నం అరగంట నడుం వాల్చే భాగ్యం దక్కింది. పడుకోబోయే ముందు గోడ వైపు తిరిగి, "చల్లగా ఉండు తల్లీ" అనేది. నీడ టైపు చేసుకుంటూనే ఉండేది.

రెండో ఏడు వానలప్పుడు మాస్టారికి ఏదో తేడాగా అనిపించింది. గోడ మీద కుడి భుజం కొంచెం కిందికి దిగినట్టుంది. ముప్ఫై ఏళ్ళుగా భుజాలు, నడుములు, మోకాళ్ళు కొలిచిన కన్ను అది. చూసీ చూడనట్టు ఊరుకోవడం ఆయన వల్ల కాదు. టేపు తీసుకుని గోడ దగ్గరికెళ్ళి, నీడ రెండు భుజాల దగ్గరా సుద్దముక్కతో గీతలు పెట్టారు. పది రోజుల తర్వాత మళ్ళీ పెట్టారు. కుడి గీత రెండు వేళ్ళంత కిందికి దిగింది. కప్పు అందుకోబోయిన నీడ చెయ్యి ఒక పట్టాన అందుకోలేక తడుముకుంది. రెండుసార్లు.

ఫోన్లో ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"ఒంట్లో ఎలా ఉందమ్మా?"

"బానే ఉన్నానండి. ఇవాళ పన్నెండు డెలివరీలు మాస్టారూ..."

"డెలివరీల సంగతి వదిలెయ్. కుడిచెయ్యి మొద్దుబారుతోందా?"

"మీకెలా తెలుసు?" అంది.

"ఇక్కడ గోడ మీద కనపడుతోంది. మెట్లు దిగేటప్పుడు కాళ్ళు తడబడుతున్నాయా?"

"కొంచెం." అంది. "నిద్ర చాలక అనుకున్నానండీ. అమ్మకి చెప్పలేదు."

"రేపే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళు."

"వెళ్తే పరీక్షలంటారు, సెలవంటారు. పోయినసారి చేసిన చోట నాలుగు రోజులు సెలవడిగితే, అయిదో రోజుకి నా సీట్లో ఇంకొకళ్ళున్నారు మాస్టారూ. నా జీతం మీదే ఇల్లు నడుస్తోంది."

భార్య ఆయన చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఇదిగో అమ్మాయ్! ఇక్కడ నీ సీటు గోడ మీదుంది. అందులో ఇంకొకళ్ళు ఎలా కూర్చుంటారు, చెప్పు? జీతం ఆగదు, సీటూ ఎక్కడికీ పోదు. రేపు పొద్దున నీ నీడ ఈ గోడ మీద కనపడిందంటే మాత్రం నా చేతిలో చీవాట్లే."

మర్నాడు గోడ ఖాళీగా ఉంది. మాస్టారి భార్య దాన్ని చూసి, "హమ్మయ్య" అంది. అన్నదే గానీ రోజంతా కుట్టు సరిగ్గా పడలేదు.

నాలుగో రోజు ఆమె తల్లి ఫోన్ చేసింది. మెడలో ఎముక జరిగి నరాల మీద ఒత్తుతోందట. ఆపరేషన్ చేస్తారట. "ఇంకో రెండు మూడు నెలలు ఆలస్యమైతే చెయ్యే కాదు, కాళ్ళూ పడిపోయేవన్నాడు డాక్టరు. ఇంత తొందరగా ఎవరు కనిపెట్టారని అడిగాడు. మా అమ్మాయికి కుర్చీలు చేసే మాస్టారు ఒకాయన ఉన్నాడని చెప్పాను. మీ చెయ్యి చల్లగా ఉండాలి బాబూ."

"చల్లగా ఉన్నది మీ అమ్మాయి వల్లేనమ్మా" అన్నారు మాస్టారు. ఇంకేదో చెప్పబోయి, ఫోను భార్యకిచ్చి చట్రాల దగ్గరికి వెళ్ళిపోయారు. ఎన్నో ఏళ్ళుగా ఎవరికైనా కాళ్ళు పోయాకే వాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. తన వల్ల ఒక మనిషి కుర్చీలో కూర్చోకుండా మిగలడం ఆయనకి ఇదే మొదలు. ఆ చట్రాల మధ్య చాలాసేపు పనేమీ లేకుండా నిలబడ్డారు.

ఫోన్లకి మనిషి కావాలి కదా. కబురు తెలిసి లెక్కల టీచరమ్మ తనే కుర్చీ తోసుకుంటూ వచ్చేసింది. "ఆ అమ్మాయి తిరిగొచ్చేదాకా నేనెత్తుతాను. నాకు బోలెడంత తీరిక" అంది. ఫోన్ చేసినవాళ్ళంతా ముందు తమ సంగతి చెప్పకుండా లైనక్క ఎలా ఉందని అడిగేవారు. టీచరమ్మ ఒక నోటు పుస్తకంలో ఆ అడిగినవాళ్ళ పేర్లన్నీ వరసగా రాసి, ఆసుపత్రిలో ఉన్న మనిషికి రోజూ ఫోన్లో చదివి వినిపించేది. ఒకరోజు ముప్ఫై ఒకటి, ఇంకో రోజు నలభై రెండు. అవతల లైనక్క వింటూ ఉండేది. మధ్యమధ్య ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వచ్చేది.

ఆపరేషన్ బాగానే జరిగింది. చెయ్యి పూర్తిగా వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు. ఏడు వారాలు గడిచాక లైనక్క ఫోన్ చేసి, "సోమవారం వస్తున్నానండి" అంది.

"చెయ్యెలా ఉందమ్మా?"

"రోజూ కసరత్తు చేయిస్తున్నారు. నాకేం తెలియడం లేదు మాస్టారూ. మీరే చూసి చెప్పండి."

సోమవారం తొమ్మిదింటికి దుకాణంలో పని ఆగిపోయింది. కొత్త పనివాళ్ళిద్దరూ పానాలు పక్కన పెట్టారు. వెల్డరు ముసుగు పైకెత్తాడు. టీచరమ్మ బ్రేకు వేసుకుని గోడకి ఎదురుగా కూర్చుంది. తొమ్మిదీ ఒక నిమిషమైంది. తొమ్మిదీ రెండైంది. మాస్టారి భార్య చెంగు చేతిలో నలిగిపోయింది.

తొమ్మిదీ నాలుగుకి నీడ వచ్చింది. కొంచెం చిక్కింది. కూర్చుంది. వెంటనే టైపు చెయ్యలేదు. పనిలోకి దిగే ముందు జుట్టు సరిచేసుకోవాలనిపించినట్టుంది, రెండు చేతులూ తల వెనక్కి ఎత్తి, జుట్టంతా పోగుచేసి, మెల్లగా మెలితిప్పి ముడి వేసుకోసాగింది.

మాస్టారు టేపు తియ్యలేదు. రెండు మోచేతులూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

ముడి పూర్తయ్యేదాకా ఎవరూ కదల్లేదు.