నాడాకు అతుకులు

ఉప్పలమ్మ ఏప్రాన్ నాడాలను వెనక్కి లాగింది. అందలేదు. కటింగు బల్ల కింద నీలం గుడ్డపీలిక ఒకటి ఏరి, తెల్ల నాడాకు ఇదివరకే వేసిన ఎర్ర అతుకు చివర ముడేసింది. ఇప్పుడు అందింది. ఆవిరి ఇస్త్రీపెట్టె బుసకొట్టింది.

నాచారంలోని ఆ బట్టల కంపెనీలో పక్క బల్ల శాంతాబాయిది. "ఏందక్కా, గీ ఈడుల కవలలా?"

"ముగ్గురే. ఒకన్ని నీకిస్త, పెంచుకో."

నవ్వింది గానీ, పళ్లు బిగుసుకునే ఉన్నాయి. పొత్తికడుపులో గడ్డ కొబ్బరికాయలా గట్టిపడింది. అది చిన్నగా ఉన్నప్పుడు ఉప్పల్‌లో డాక్టరమ్మ స్కానింగు ఫిల్ము మీంచి చూపు తిప్పకుండానే, "గర్భసంచి కండరంలో గడ్డ. ముట్లు ఆగితే అదే ఎండిపోతుంది" అంది. ముట్లు ఆగాయి. ఒంట్లోంచి సెగలు మొదలయ్యాయి. రోజంతా ఆవిరిలో నిలబడే మనిషి ఆ సెగలు ఎక్కడ ఓర్చుకుంటుంది? శాంతాబాయి తను వేసుకునే హార్మోను గోలీల షీటును దారాల కత్తెరతో సగానికి కత్తిరించి ఇచ్చింది. ఆ సెక్షన్‌లో ఆడవాళ్ల వైద్యం అంతే, ఒకరికి పడిన గోలీ అందరికీ. ఖాళీ షీటు చూపిస్తే మందుల షాపువాడు మారుమాట లేకుండా అదే ఇచ్చేవాడు. ఏళ్లు గడిచాయి.

మధ్యాహ్నానికి కాళ్ల వెంట వెచ్చగా కారింది. వారం నుంచీ అంతే.

"మళ్లీ బాత్రూమేనా? లోడు వెళ్లాలమ్మా" అన్నాడు సూపర్‌వైజరు గిరిప్రసాద్.

"నెత్తురు పోతున్నది సారూ. మీ చొక్కాలకు అంటితే గప్పుడు గూడ నన్నే అంటరు."

అతను దారి వదిలాడు. బాత్రూము గడపలోనే ఆమె కూలబడింది.

దవాఖానాలో కుర్ర డాక్టరు కడుపు నొక్కి చూశాడు. "ముట్లు ఆగాక ఇది పెరగకూడదే. ఏం మందులు వాడుతున్నారు?"

ఉప్పలమ్మ బొడ్లోంచి షీటు తీసి ఇచ్చింది.

"ఇవా? ఇవి గడ్డకు మేత. ఎవరు వేసుకోమన్నారు?"

తోడు వచ్చిన శాంతాబాయి తల దించుకుంది. ఉప్పలమ్మ మోచేతి మీద లేచింది.

"ముగ్గురు డాక్టర్లకు సూపించిన. ఫిల్ము జూసిన్రు, పైసల్ దీస్కున్నరు. ఏం గోలీలు మింగుతున్నవని ఒక్కరన్న అడిగిన్రా? నువ్వు ఇయ్యాల అడుగుతున్నవ్."

డాక్టరు ఆ షీటును కేసు కాగితానికి పిన్ను చేశాడు. ఆమె శాంతాబాయి వైపు తిరిగింది.

"నువ్వెందుకు ఏడుస్తవ్? నీ షీటు అవతల పారెయ్ ముందు."

ఆపరేషనుకు రక్తం ఎక్కిస్తుండగానే ఉప్పలమ్మ ప్రాణం పోయింది.

మళ్లీ పనిలోకి వచ్చిన రోజు శాంతాబాయి తన షీటు చెత్తబుట్టలో వేసింది. "ఉప్పలమ్మ ఏప్రాన్ నాడాల అతుకులు కత్తిరించి, దాన్ని కొత్తామెకు ఇవ్వండి" అన్నాడు గిరిప్రసాద్.

శాంతాబాయి కత్తెరను కొంగున ముడేసుకుంది. "జర మీరు కట్టుకొని సూడున్రి సారూ. అక్క కడుపు ఎంతకొచ్చిందో ఎరకైతది."

అతను పక్క బల్లకు వెళ్లిపోయాడు. మేకుకు ఏప్రాన్ వేలాడుతూనే ఉంది. తెల్ల నాడా, దానికి ఎర్ర అతుకు, దానికి నీలం పీలిక, చివర నేల మీద.