తుండుగుడ్డ కొసన ముడి

తిప్పేస్వామి సోలార్ పలకల వరుసల మధ్య మోపెడ్‌ను మెల్లగా పోనిస్తున్నాడు. వల్లూరు సోలార్ పార్కులో ఈ మూలకు ఫోన్ సిగ్నల్ అందదు. పలకలు తీసిన కరెంటు లెక్కలు వరుస చివరి డబ్బాలోనే నిలవ ఉంటాయి. పక్కనుంచి అతడు పోతే చాలు, మోపెడ్‌కు బిగించిన పెట్టె వాటిని గాలిలోనే అందుకుని, ఆఫీసు దగ్గరికి రాగానే దింపేస్తుంది. మోస్తున్నంతసేపు ఎర్రదీపం, అప్పగించాక పచ్చదీపం. పొట్టి మనిషి, ఎండకు కమిలిన మెడ, మోకాలికి అతుకేసిన ఖాకీ ప్యాంటు. ఒకప్పుడు ఇదే నేలలో గొర్రెలు తోలేవాడు. తిరుగుడు మాత్రం మారలేదు.

మనుషుల మాటలూ మోసేవాడు. మాటకొక ముడి తుండుగుడ్డ కొసన వేసుకుని, అది చేరిందని తెలిశాకే విప్పేవాడు. తనే పోయి చెప్పాలన్న పట్టింపు లేదు. అటుగా పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఎదురైతే అందరి చెవినా వేసేవాడు. ఒకడు మరిచినా ఇంకొకడు చెప్తాడు గదా!

ఆ పూట పలకలు తుడిచే దాసమ్మ చెయ్యెత్తి ఆపింది. తండ్రి చేను పార్కుకిచ్చేటప్పుడు తనను ఒక్క మాట అడగలేదని, అన్న ఆంజనేయతో ఆమె మాటలు మానేసింది. అతడు ఈ పార్కు గేటు దగ్గరే కాపలా. రోజూ ఒకరి ముందు నుంచి ఒకరు పోతారు. పంతాలకేం తక్కువ లేదు.

"మామా, ఆదివారం నేను ఇంటికి రావచ్చునా అని మాయన్నను అడుగు."

"అడుగుతాలేమ్మా."

"ఇంకెవురి నోట్లోనూ వెయ్యొద్దు, నవ్వుతారు. నువ్వే చెప్పల్ల."

తిప్పేస్వామికి ప్రాణం లేచొచ్చినట్టయింది. ముడి గట్టిగా బిగించాడు.

దారిలో నీళ్ల ట్యాంకరు నాగరాజ ఎదురయ్యాడు. "గేటు కాడికి పోతాండా మామా. ఏమన్నా చెప్పేది ఉండాదా?"

మాట నోటిదాకా వచ్చింది. "ఏం లేదప్పా, నువ్వు పో."

ఎండ ముదిరింది. గుండెల్లో ఏదో పట్టేసినట్టయి, మోపెడ్‌కు స్టాండు వేసి, తుండుగుడ్డ హ్యాండిల్‌కు తగిలించి, పలక నీడన కూలబడ్డాడు. కూలీలు చూసేసరికి ప్రాణం లేదు.

శవాన్ని జీపులో ఊరికి పంపాక మోపెడ్‌ను ఆంజనేయే తోసుకొచ్చాడు. ఆఫీసు దగ్గర పెట్టెలో ఎర్రదీపం ఆరి పచ్చదీపం వెలిగింది. తుండుగుడ్డ తీసి చూశాడు.

"ఎవురిదో మాట నిలిచిపోయినాది," అన్నాడు నాగరాజతో. "పాపం, ఎవురు కాచుకోని ఉండారో."

విప్పబోయి, తనది కాని మాట తనకెందుకని ఆగాడు.

సాయంత్రం దాసమ్మ గేటు దాటుతూ అన్న ముఖంలోకి చూసింది. అతడు ఎప్పటిలాగే తల తిప్పుకున్నాడు. పోయేముందే ముసలాయన అడిగి ఉంటాడు, ఇదే జవాబు అనుకుని ఆమె కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కింది.

కాపలా గదిలో, ఆంజనేయ కుర్చీ వెనక కొక్కేనికి, తుండుగుడ్డ ముడితోనే వేలాడుతోంది.