మెటాడోరుకు మంచు గొలుసులు

లక్ష్మీనర్సమ్మ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన ఏడాదే, అంటే 1981లో, ఒక పాత మెటాడోర్ వ్యాను కొంది. అంతకుముందు అది ఎక్కడో దవాఖానలో అంబులెన్సు. రోగిని పడుకోబెట్టే చోట రెండు బల్లలు బిగించి, పరుపులు వేయించింది. వెనక మూలకు కిరోసిన్ స్టవ్వు కదలకుండా ఇనుప చట్రం పెట్టించింది. కిటికీలకు పూల గుడ్డలు కట్టించింది. హనుమకొండలో ఎవరు ఎదురుపడి అడిగినా ఆమెది ఒకటే జవాబు.

"కశ్మీరు దిక్కు పోతాన. డిసెంబరుల. మంచు పడంగ చూసొస్తా."

తోడుగా బయల్దేరేది సుల్తానా బేగం. నర్సుగా చేసి ఆమె కూడా ఆ ఏడే రిటైరైంది. ఇద్దరివీ ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లు.

ఆగస్టులో ఒకరోజు పొద్దున ఇద్దరూ మట్టెవాడలో జానీ మియా టైర్ల దుకాణానికి వచ్చారు. మంచులో జారని టైర్లు కావాలని లక్ష్మీనర్సమ్మ అడిగేసరికి జానీ మియా చేతిలో ఉన్న చాయ్ సాసర్ కింద పెట్టేశాడు.

"అమ్మా, నా దుకాణంల ఎండకు పగలని టైర్లున్నయి. బురదల ఆగేటియి ఉన్నయి. మంచు అంటే మాత్రం నేను సోడా బండి మీద తప్ప సూడలే. అయినా ఫికర్ చెయ్యకుండ్రి. మన కట్టయ్య ఉన్నడు. మిలిట్రీల మంచు మీద లారీ తోలినోడు."

కట్టయ్య అక్కడే పాత టైర్ల కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. లారీకి లోడు దొరకని రోజుల్లో అతని చోటు అదే. పటాలంలో డ్రైవరుగా పనిచేసి వచ్చిన పదిహేనేళ్లలో ఆ కుప్ప మీద కూర్చుని అతను చెప్పని మంచు కథ లేదు. ఒక కథలో మంచు లారీ అద్దం దాకా వస్తుంది. ఇంకో కథలో మీసాలు గడ్డకట్టి, నవ్వితే పుటుక్కున విరుగుతాయి.

అతను లేచి లుంగీ సవరించుకున్నాడు. "టైర్లు ఒక్కటే సాలయి టీచరమ్మా. చక్రాలకు గొలుసులు కట్టాలె."

చాక్‌పీసు తీసుకుని నేల మీద బొమ్మ గీశాడు. రెండు పొడుగు గొలుసులు, వాటి మధ్య మెట్లలాగా చిన్న గొలుసులు. నిచ్చెనను తెచ్చి చక్రానికి చుట్టినట్టుంది.

"మంచు పడేటప్పుడు సప్పుడెట్లుంటది కట్టయ్యా?" అని అడిగింది లక్ష్మీనర్సమ్మ.

"రేకుల మీద రాళ్లవాన పడ్డట్టే. రాత్రంత నిద్ర పట్టదు."

ఆమె తల ఊపింది. సుల్తానా బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది.

టైర్ల దగ్గరికి వచ్చేసరికి పేచీ మొదలైంది. జానీ మియా దగ్గర మూడు రకాలున్నాయి. సన్న గీతల టైరు, పాతదానికి కొత్త రబ్బరు అంటించిన రీట్రేడు, అడవి దారుల్లో తిరిగే జీపులవాళ్లు కొనే గడ్డల టైరు. కట్టయ్య గడ్డల టైరు అన్నాడు. జానీ మియా, ఎప్పటినుంచో అమ్ముడుపోక మిగిలినందుకో ఏమో, రీట్రేడు అన్నాడు.

"సలికి రబ్బరు గట్టిపడదా?" అని అడిగింది సుల్తానా బేగం.

మగవాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

లక్ష్మీనర్సమ్మ మూడు టైర్ల నుంచీ వేలెడు రబ్బరు ముక్కలు కోయించింది. వాటికి దారంతో చీటీలు కట్టి, ఐస్ ఫ్యాక్టరీ నుంచి బకెట్ నిండా మంచుగడ్డ తెప్పించి, ఉప్పు చల్లి అందులో పాతిపెట్టింది. మరునాడు అందరినీ ఇంటికి పిలిచి, తరగతిలో చూపించినట్టు ఒక్కొక్క ముక్కనూ వంచి చూపించింది. రీట్రేడు ముక్క కర్రలా బిగుసుకుని, గట్టిగా వంచితే పగిలింది. గీతల టైరు ముక్క మొండికేసి సగమే వంగింది. గడ్డల టైరు ముక్క మెల్లగా వంగింది.

"కట్టయ్య పాసు, కశ్మీరుకు బండి తోలేది నువ్వే. జానీ మియా, నువ్వు మళ్ల సదువుకొని రావాలె," అంది.

కట్టయ్య నెల రోజులపాటు ఆ ముక్కను జేబులో పెట్టుకుని తిరిగాడు.

గొలుసులకు కేసముద్రం మార్కెట్ దగ్గరి దుకాణం నుంచి పశువులను కట్టే గొలుసులు తెచ్చారు. కొమురెల్లి అనే కమ్మరి వాటిని కొలిమిలో పెట్టి, కట్టయ్య బొమ్మ ప్రకారం రెండు జతలుగా అతికించాడు. ఆ రెండు జతలనూ వెనక చక్రాలకే తొడగాలన్నాడు కట్టయ్య. చక్రానికొకటి, దాని మీద జాగ్రత్తకు మరొకటి.

జానీ మియా ఊరుకోలేదు. "అరే భాయ్, మెటాడోరుకు గుంజేటియి ముంగటి చక్రాలు. ఎనక కడితే ఏం ఫాయిదా?"

"మంచు చూసినోన్ని నేనా, నువ్వా?"

జానీ మియా గొలుసులను వెనక చక్రాల దగ్గరికి జరిపాడు.

అక్టోబరులో రెండు రోజులు వాన పట్టింది. మంచు లేకపోయినా బురద ఉంది కదా అని, ఊరి బయట కోసిన వరిమడిలో వ్యానును పరీక్షకు దింపారు. కట్టయ్య స్టీరింగ్ పట్టుకున్నాడు. గొలుసులు కట్టిన వెనక చక్రాలు బుద్ధిగా ఉన్నచోటే ఉన్నాయి. ముందు చక్రాలు గిర్రున తిరిగి జానీ మియాను, కొమురెల్లిని, గట్టు మీద గొడుగు పట్టుకున్న ఇద్దరమ్మలను నిలువునా బురదతో తడిపాయి. వ్యాను ముక్కు మడిలోకి దిగబడింది. ఎడ్లను కట్టి లాగితే గాని బయటికి రాలేదు.

సుల్తానా బేగం కళ్లద్దాలు తుడుచుకుని, "కట్టయ్యా, మీసాలైతే ఇరగలే గద?" అని అడిగింది.

సాయంత్రం దుకాణం ముందు పైపుతో వ్యాను కడుగుతూ కట్టయ్య గొలుసుల్లో ఇరుక్కున్న బురదంతా వేలితో తీశాడు. ఆఖరికి, "జానీ భాయ్, నీకొక మాట చెప్పాలె," అన్నాడు.

"నువ్వు మంచు సూడలే. అంతే గద?"

కట్టయ్య చేతిలోంచి పైపు జారింది.

"నీ ట్రంకు పెట్టె మీద జోధ్‌పూర్ అని పెయింటుతోని రాసున్నది గదనే. అక్కడ ఇసుక తప్ప ఏమున్నది? నువ్వొచ్చిన ఏడే సూసిన."

"మరి పదిహేనేండ్ల సంది ఎందుకన్లేదు?"

"కథలు మంచిగుండె. టైరుకు పంచరేసేదాంక గిరాకీ నిమ్మళంగ కూసుంటుండె. నేనెందుకు చెడగొట్టాలె?"

కట్టయ్య ఆ రాత్రే ఒక నిర్ణయానికి వచ్చాడు. జోధ్‌పూర్‌లో తనతో పనిచేసి, తర్వాత నిజంగానే మంచు కొండలకు బదిలీ అయిన గురుబచన్ సింగ్‌కు మరునాడు హిందీ తెలిసిన పోస్ట్‌మ్యాన్‌తో జాబు రాయించాడు. ఇరవై రోజులకు జవాబు వచ్చింది. విప్పి చూస్తే ఉర్దూలో ఉంది.

జాబు చదవమంటే జానీ మియా జేబులు తడుముకున్నాడు. "అయ్యో, అద్దాలు ఇంట్ల మర్సిపోయిన. సుల్తానా ఆపా దగ్గరికి పో, సదివి పెడ్తది." అద్దాలు అతని నెత్తి మీదే ఉన్నాయి, రానిది చదువే.

అలా ఆ జాబు సుల్తానా బేగం చేతికి వచ్చింది. లక్ష్మీనర్సమ్మ పక్కనే కూర్చుని వింటోంది. మొదటి వాక్యమే ఇలా ఉంది: 'నాతో కలిసి ఎడారిలో అన్నంతోపాటు ఇసుక తిన్న కట్టయ్యా, ఎన్నడూ చూడని మంచుతో నీకేం పని పడింది?'

సుల్తానా బేగం ఒక్క అక్షరం వదలకుండా చదివింది. కట్టయ్య తల వంచుకుని గడప దగ్గర నిలబడ్డాడు.

"నన్ను మాఫ్ చెయ్యండ్రి టీచరమ్మా. వేరే డ్రైవర్ను పెట్టుకోండ్రి."

"రేకుల మీద రాళ్లవాన అన్ననాడే నాకు ఎరుకైంది. మంచు సప్పుడు లేకుంట పడ్తది అని పుస్తకాలల్ల ఉన్నది," అంది లక్ష్మీనర్సమ్మ. "సూడని మంచు గురించి ముప్పై ఏండ్లు నేను సుత చెప్పిన కట్టయ్యా. జీతం తీసుకొని మరీ చెప్పిన. నువ్వు ఊకెనే చెప్పినవు. కూసో. సుల్తానా, మిగిలింది సదువు."

మిగిలింది పనికొచ్చేదే. గొలుసులు గుంజే చక్రాలకే కట్టాలి. ఒక్కొక్క చక్రానికి ఒకటే, బిగుతుగా. కట్టాక నూరు గజాలు పోయి, దిగి, మళ్లీ బిగించాలి. మంచు లేని రోడ్డు రాగానే విప్పాలి. దిగుడులో బ్రేకు తొక్కకుండా గేరు మీదే దింపాలి. కొమురెల్లి గొలుసులను మళ్లీ కొలిమిలో పెట్టి, ముందు చక్రాలకు బిగుతుగా పట్టేలా కుదించాడు. మిగిలిన జత సామాన్లలో చేరింది.

డిసెంబరులో బయల్దేరి తొమ్మిదో రోజున కట్టయ్యా, అమ్మలిద్దరూ జమ్మూ దాటారు. పట్నీటాప్ ఎక్కే దారిలో మధ్యాహ్నం వేళ ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. అద్దం మీద తెల్లగా ఏదో వాలి, కరిగిపోయింది. తర్వాత ఇంకోటి. కట్టయ్య వ్యాను పక్కకు ఆపి దిగాడు. అమ్మలిద్దరూ శాలువాలు చుట్టుకుని దిగారు. కట్టయ్య అరచేయి చాపి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"సప్పుడే లేదు టీచరమ్మా," అన్నాడు చివరికి, ఎవరో మోసం చేసినట్టు.

రోడ్డు తెల్లబడ్డాక ముందు చక్రాలకు గొలుసులు తొడిగాడు. వేళ్లు తిమ్మిరెక్కి గంటసేపు పట్టింది. నూరు గజాలు పోయి దిగి బిగించాడు. మెటాడోరు గరగరమంటూ జారకుండా పైకి ఎక్కింది. దారిలో ఒక టూరిస్టు బస్సు అడ్డంగా జారి ఆగిపోయి ఉంటే, సుల్తానా బేగం మిగిలిన జతను ఆ బస్సు డ్రైవరుకు చూపించింది. అతను తన టైరుకు పెట్టి చూసి, చిన్నదైందని నవ్వుతూ తిరిగిచ్చాడు.

కొండ మీదికి చేరాక ముందంతా దిగుడు. పొగమంచులో పది గజాల అవతల రోడ్డు కనిపించడం లేదు. లక్ష్మీనర్సమ్మ ముందుకు వంగింది.

"ఇప్పుడెట్ల కట్టయ్యా?"

అతను ఇంజను ఆపాడు. "నాకు తెల్వది టీచరమ్మా."

"మంచిది," అంది ఆమె. "సుల్తానా, స్టవ్వు ముట్టియ్యి."

రెండోసారి చాయ్ మరుగుతుండగా వెనకనుంచి మిలిట్రీ లారీల వరస వచ్చింది. కట్టయ్య పరుగెత్తి మొదటి లారీని ఆపి, తనకు గుర్తున్న నాలుగు హిందీ ముక్కల్లో సాయం అడిగాడు. ఆ డ్రైవరు మెటాడోరు చక్రాలకున్న పశువుల గొలుసులను వంగి చూసి, మెచ్చుకున్నట్టు తల ఊపి, తన వెనకే రమ్మని చేయి ఊపాడు. కట్టయ్య మొదటి గేరు వేసి, బ్రేకు మీదినుంచి కాలు తీసి, ఆ లారీ ఎర్ర దీపాలు చూసుకుంటూ మెల్లగా దిగడం మొదలుపెట్టాడు.