చెంగమ్మ మడమ

రోజూ పొద్దున చెంగమ్మ ఆవులకు మేత వేసి, వాకిట్లో పీట మీద కూర్చుని కాళ్లు చాపేది. బోరు వేయించుకోవాలనుకున్నవాళ్లు తాంబూలం తట్టతో వచ్చి ఆమె మడమలు చూసేవాళ్లు. కాణిపాకం దగ్గరున్న ఆ పల్లె కింద బండ ఎలా పగిలితే ఆమె మడమ అలా పగిలేది. వెనక అంచు రోడ్డు, లోపలి అంచు వాగు, మధ్యలో చేలు.

అన్ని పగుళ్లూ ఒకటి కాదు. రెండు అంచులూ సమంగా విచ్చుకుంటే ఆ నీళ్లు వానాకాలం దాకానే. ఒక అంచు కిందికి దిగితే ఏడాదంతా నీళ్లే. అంచు మీద అంచు ఎక్కిన చోట బోరు దిగదు. అంచులు పక్కకు జరిగితే నీళ్లు పడతాయి గానీ పక్కవాడి బోరు ఎండిపోతుంది, తగువు ఖాయం. చెంగమ్మకు మాత్రం అన్నీ నొప్పే. ఆ మాట ఎవరూ అడగలేదు.

నీళ్లు పడినవాళ్లు ఆమె కాళ్లకు పసుపు రాసి దండం పెట్టడం మర్యాద. ఈ ఎండాకాలం ఊరంతా బోర్లు వేసింది, ఊరంతా పసుపు రాసింది. పసుపు తన పని చేసింది. మడమలు మానాయి, కింద బండ కూడా అతుక్కుంది. బోర్లు వరసగా గాలి కక్కాయి. చెంగమ్మ ఎన్నేళ్లకో హాయిగా నడిచింది. ఆ సంతోషం పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడింది.

ధనంజయ టమోటా తోట పూత మీదుంది. రోజూ వచ్చి అడిగేవాడు. "గీత ఏమన్నా కనపడిందా పెద్దమ్మా?"

"యాడప్పా, అద్దం మాదిరి ఉండాది."

ఆమె కూతురు మహిత తిరుపతిలో నర్సు. సెలవుకు వచ్చి, తిరిగి వెళ్లాల్సిన పొద్దున మంచం దిగుతూనే మూలిగింది. చెంగమ్మ ఆ పిల్ల మడమ తిప్పి చూసింది. సరిగ్గా ధనంజయ చేను ఉండేచోట, ఒక అంచు దిగి ఎర్రగా విచ్చుకుంది.

"సాక్సులేసుకోని బస్సెక్కు. ఎవురికీ సెప్పబాకు."

"వాళ్ల తోట ఎండిపోతాదే మా."

"ఎండనీ. సూపించినావంటే ఈ ఊరు నిన్నింక యాడికీ పోనీదు. నా బతుకు సూసినావు గదా."

మహిత సాక్సులు వేసుకుని, బ్యాగు తగిలించుకుని వాకిట్లోకి వచ్చింది. ధనంజయ అప్పటికే చెంగమ్మ మడమలు చూసి, తట్ట తీసుకుని వెనక్కి తిరిగాడు.

"ధనంజయన్నా," అని పిలిచింది మహిత. పీట మీద కూర్చుని సాక్సు విప్పింది.

అతను మోకాళ్ల మీద వంగి చాలాసేపు చూశాడు. బస్సు హారను కొట్టి వెళ్లిపోయింది. చెంగమ్మ తలుపు వెనక నిలబడి ఏడ్చింది.

ఆ వారంలోనే నీళ్లు పడ్డాయి. ఆసుపత్రికి ఫోను చేసి, మహిత ఇంక రాదని చెప్పింది ధనంజయే. చాలా మర్యాదగా చెప్పాడు.