పనస పీట, మామిడి పీట

సత్తిరాజు వరి పండించడంలో ఎంత నిదానస్థుడో, రంపం పడితే అంత తొందర మనిషి. ముదినేపల్లిలో ఈ సంగతి తెలియనిది ఆయనొక్కడికే.

కూతురు ఇందుజ పెళ్లికి పీటలు తానే చేస్తానన్నాడు. భార్య వెంకటనరసమ్మ కాపురానికొచ్చిన కొత్తలో నాటిన పనసచెట్టు తుఫానుకి పడిపోతే, దాని పలక ఒకటి ఆవిడ అటక మీద దాచింది. పిల్లా అల్లుడూ ఆ చెక్క మీదే కూర్చోవాలని ఆవిడ ఆశ. "జాగ్రత్తండీ, ఇంకో పలక లేదు" అని మరీ చెప్పి ఇచ్చింది.

ఒక పీట ముచ్చటగా వచ్చింది. రెండోదానికి కొలత తప్పి, జానెడు పొట్టిగా కోసేశాడు. ఆ ముక్కను గడ్డివాములో దూర్చి, ఏలూరు వెళ్లి మామిడి పలక తెచ్చి, గుట్టుగా రెండో పీట కానిచ్చాడు. పనస పచ్చన, మామిడి తెల్లన. దానికీ ఉపాయం తట్టింది. మామిడి పీటకు పసుపు నీళ్లు దట్టంగా పూశాడు. పెళ్లి పీటకు పసుపెందుకని ఎవరడుగుతారు? ఆరాక రెండూ కవలల్లా ఉన్నాయి.

"ఓ కోటు వార్నిష్ కూడా కొట్టండి, నిగనిగలాడతాయి" అంది వెంకటనరసమ్మ. అక్కడ బెడిసికొట్టింది.

కుంచె ఆడించగానే పనస పీట తేనె రంగుకు తిరిగింది. ఎక్కడో దాగిన గీతలన్నీ పైకి తేలాయి. చూసి మురిసిపోయాడు. అదే కుంచె మామిడి పీట మీద పెట్టేసరికి పసుపు కరిగి కుంచెకంటుకుంది. అడుగు చెక్క గోధుమ రంగులో మచ్చలు మచ్చలుగా బయటపడింది. ఇంకో కోటు వేస్తే మచ్చలు ఇంకా నల్లబడ్డాయి. తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు.

వెంకటనరసమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇది మన చెట్టు కాదు నరసమ్మా. నీ పలక పాడు చేశాను" అన్నాడు చివరికి.

"తెలుసండీ. పసుపు డబ్బా ఖాళీ అయినప్పుడే అనుమానమొచ్చింది. గేదెకి గడ్డి లాగుతుంటే ముక్క చేతికొచ్చింది."

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశాను. అన్నం దగ్గర్నుంచి సగంలో లేచిపోతుంటే జాలేసింది కూడానండీ."

ఆవిడ రెండు పీటల్నీ చూసి నవ్వింది.

"పిల్ల మనింటి చెట్టు. అబ్బాయి తాడేపల్లిగూడెం చెట్టు. ఇద్దరికీ ఒకటే రంగు రమ్మంటే ఎలా వస్తుందండీ? మామిడిది అబ్బాయికి వేద్దాం."

లేచి పూజగదిలోకి వెళ్లి, దేవుడి పటాల కింద పరిచిన పట్టుగుడ్డ తొలగించి, ఆ పొట్టి ముక్క తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ఇన్నాళ్లూ పొద్దున్నే దాని ముందే నిలబడి, తన తప్పు బయటపడకూడదని ఆయన దణ్ణం పెట్టుకుంటున్నాడు.

"దీనిక్కూడా ఓ కోటు వేయండి. దేవుడికి పీటగా సరిగ్గా సరిపోయింది."

కళ్లు తుడుచుకుని కుంచె అందుకున్నాడు. ఈసారి సత్తిరాజు తొందరపడలేదు.