చేతకాని కుట్టు

ఒకప్పుడు ఆ ముందుగది మావయ్యగారు చొక్కాలు కుట్టే దుకాణం. చూపు మందగించాక మూసేశారు గానీ నోరు మాత్రం మూతపడలేదు. ఇప్పుడక్కడ కోడలు పాత చొక్కాలు కొనుక్కొచ్చి, విప్పి, చిన్నపిల్లలకు గౌన్లు కుడుతోంది. జేబు జేబుగానే ఉంచేస్తుంది, పిల్లలకు అదే ముద్దు. గిరాకీ బాగుంది. అదే ఆయనకు మింగుడుపడటం లేదు.

"ఎవడెవడి చెమట కంపో తెచ్చి నా మిషన్ ఎక్కిస్తావా? రేపు పాత సామాన్లవాణ్ణి రమ్మన్నా. మిషన్ ఇచ్చేస్తున్నా. ఇక నీ పైత్యం కట్టిపెట్టు," అన్నారాయన.

మిషన్ పోతే కోడలి పనీ పోయినట్టే. అయినా తల దించుకుని, ఎప్పటిలాగే ముందు కాలర్ దగ్గర లేబుల్ విప్పి, చొక్కా బల్ల మీద పరిచింది.

ఆయన వచ్చి ఆ చొక్కాను వేళ్లతో తడిమారు.

"ఛీ! చంకలో ఈ ముడతలేంటి? జేబు చూడు, ఎంత వంకరో! ఏ చేతకాని వెధవ కుట్టాడో!"

ఇంకొకరి కుట్టు బాగుందన్న పాపాన పోలేదు ఈ మనిషి. కోడలికి ఒళ్లు మండింది. విప్పిన లేబుల్ ఆయన అరచేతిలో పెట్టింది. కళ్లద్దాలు పెట్టుకుని చూసుకున్నారు. ఆయన దుకాణం పేరే.

తప్పు ఒప్పుకుంటే ఆయన మావయ్యగారు ఎలా అవుతారు? గొంతు సవరించుకున్నారు.

"ఇది మీ అత్త కుట్టింది. నేను కత్తిరించి పడేసేవాణ్ణి, కుట్టేదంతా అదేగా!"

పోయిన భార్య నెత్తిన ఎంత సులువుగా రుద్దేశారో! కాపురానికొచ్చిన నాటి నుంచి "నేను కుట్టిన చొక్కా" అంటూ ఈయన కోసిన కోతలకు కోడలి చెవులు తూట్లు పడ్డాయి. అలా కోస్తున్నప్పుడల్లా అత్తయ్య పక్కనే కూర్చుని గుండీలు కుట్టుకునేది. పల్లెత్తు మాట అనేది కాదు.

"అన్నీ అత్తయ్యే కుట్టిందా?"

"మరి? నేను మాస్టర్ని. మిషన్ తొక్కే ఖర్మ నాకేంటి?"

"అంటే మీరు దీన్ని ఒక్కసారీ తొక్కలేదు."

"తొక్కలేదు!" అన్నారాయన గొప్పగా.

"అయితే ఇది అత్తయ్య మిషన్ మావయ్యా. అమ్మడానికి మీరెవరు?"

కోడలు సూదిలో దారం ఎక్కించి, జరగమన్నట్టు చెయ్యి ఊపింది. ఆయన జరిగారు.